నీళ్లయొద్ద నిబంధన

పఠనము: ఆదికాండము 21:22–34, 26:12–33, సంఖ్యాకాండము 20:14–21, యోహాను 4:1–15



మా సంఘములో ఇద్దరు విశ్వాసులు కలరు. వారి పొలములు ప్రక్కప్రక్కనే యున్నవి. నడుమ ఒక గట్టు మాత్రమే. రెండు సంవత్సరముల క్రిందట వారిలో ఒకరు తన బోరును మరింత లోతునకు దింపించెను. ఆ వేసవిలోనే రెండవవాని బోరు ఎండిపోయెను. అప్పటినుండి ఇద్దరును ఆరాధనకు వచ్చుచునే యున్నారు గాని, ఒకరు ఈ మూలను, ఒకరు ఆ మూలను కూర్చుందురు. ప్రభువు బల్లయొద్దకు ఒకరు వచ్చిన నెల మరియొకరు రారు.

మేము ఇద్దరి ఇండ్లకును వెళ్లితిమి. మొదటివాడు, "నా పొలంలో నేను వేసుకున్న బోరండి అయ్యగారూ. అప్పు నాది, పైపులు నావి. ఆ నీళ్లు నావి కాకపోతే ఇంకెవరివండి?" అనెను. రెండవవాడు, "నీళ్లు పోయాయని కాదండి అయ్యగారూ నా బాధ. రోజూ గట్టు మీద కలుస్తాం గదా. ఒక్క మాట ముందు చెప్పొద్దా?" అనెను.

ఆ దినమున మేము ఇద్దరికొరకు ప్రార్థన చేసి తిరిగి వచ్చితిమి గాని, మాయొద్ద సిద్ధమైన జవాబు లేకపోయెను. తరువాత వాక్యము తెరచి చదువగా, ఈ రెండు మాటలును నాలుగువేల ఏండ్లనాటి పితరుల కాలమునుండి ఉన్నవని కంటిమి. అంతేగాక, గొప్ప గొప్ప రాజ్యములు నదులనుగూర్చి వాదించుకొనునప్పుడు సరిగా ఈ రెండు మాటలే పలుకుచున్నవని కూడ గ్రహించితిమి. ఇంగ్లీషు భాషలో పోటీకి నిలుచువానిని "రైవల్" అందురు. ఆ మాట లాటిను భాషనుండి వచ్చినది. మొదట దానికి ఒకే కాలువ నీరు వాడుకొను పొరుగువాడు అని అర్థము. పొరుగువాడు ఎప్పుడు విరోధి యాయెనో ఆ మాటయే చెప్పుచున్నది.

గనుక ఈ నెల పాఠములో రాజ్యములు ఉమ్మడి నీటినిగూర్చి నేర్చుకొనిన సంగతులను వాక్యముతో కలిపి ధ్యానింతము.

1. గెరారు లోయలోని బావులు

ఇస్సాకు గెరారు దేశములో విత్తనము వేసి నూరంతల పంట పొందెను. అతని మందలును పనివారును వృద్ధి పొందిరి. అది చూచి ఫిలిష్తీయులు అసూయపడి, అతని తండ్రి త్రవ్వించిన బావులను మన్ను పోసి పూడ్చివేసిరి. ఈ సంగతి శ్రద్ధగా గమనింపుడి. వారు ఆ నీటిని తమకొరకు తీసికొనలేదు. ఎవరికిని దక్కకుండ చేసిరి. అసూయ తన దాహము తీర్చుకొనుట కంటె పొరుగువాని దాహమును చూచుటకే యిష్టపడును.

తరువాత ఇస్సాకు దాసులు లోయలో ఒక బావి త్రవ్విరి. గెరారు కాపరులు వచ్చి జగడమాడిరి. దానికి ఏశెకు అని పేరు పెట్టబడెను. మరియొకటి త్రవ్విరి, దానికొరకును జగడమాయెను, దానికి శిత్నా అని పేరు. అతడు అక్కడనుండి లేచి పోయి మూడవది త్రవ్వించెను; దానిని గూర్చి ఎవరును జగడమాడలేదు గనుక రహెబోతు అని పేరు పెట్టెను. ఏశెకు అనగా జగడము, శిత్నా అనగా విరోధము, రహెబోతు అనగా ఎడము.

ఈ భాగమును మనము అనేక పర్యాయములు ప్రసంగించితిమి, వింటిమి. ఇస్సాకువలె విడిచిపెట్టుము, తగ్గుము, దేవుడు నీకు ఎడము కలుగజేయును అని చెప్పుదుము. అది సత్యమే. అయితే మనము సాధారణముగా అక్కడనే ఆగిపోవుదుము. అధ్యాయము అక్కడ ఆగలేదు. 26వ వచనము మొదలుకొని చదువుడి. అబీమెలెకు తన సేనాధిపతియగు ఫీకోలును వెంటబెట్టుకొని ఇస్సాకు నొద్దకు వచ్చెను. ఇస్సాకు వారిని చూచి, నన్ను ద్వేషించి పంపివేసిన మీరు ఎందుకు వచ్చితిరని అడిగెను. వారు నిబంధన చేసికొందమనిరి. ఇస్సాకు వారికి విందు చేసెను. ప్రొద్దుననే లేచి ఒకనితో ఒకడు ప్రమాణము చేసికొనిరి. ఆ దినమందే దాసులు వచ్చి, నీళ్లు పడినవని చెప్పిరి.

ఇస్సాకు కాలమున ఒక లోయ కాకపోయిన మరియొక లోయ యుండెను. నేడు మన గట్టు ప్రక్కన ఖాళీ లోయ లేదు. రాజ్యములకును లేదు. నది ఎక్కడికి పోయినను దాని ఒడ్డున ఎవరో ఒకరు కాపురముండనే యున్నారు. లేచి పోవుటకు రహెబోతు లేని దినమున, మిగిలిన మార్గము బెయేర్షెబా ఒక్కటే. అనగా ఎదురెదురుగా కూర్చుండి నిబంధన చేసికొనుట. ఈ పాఠమంతటిలో మేము చెప్పదలచిన సంగతి ఇదియే.

2. "మా నీళ్లు మావే" అను వాదము

అబ్రాహాము బయలుదేరిన కల్దీయుల ఊరు అను పట్టణము గల దేశములోనే లగాషు, ఉమ్మా అను రెండు పట్టణములు పూర్వకాలమున ఉండెను. వాటి నడుమ సారవంతమైన పొలములు, కాలువలు ఉండెను. వాటి సరిహద్దును గూర్చియు నీటిని గూర్చియు ఆ రెండు పట్టణములు తరతరములు పోరాడెను. సుమారు 4,500 ఏండ్ల క్రిందట లగాషు రాజు ఎయన్నాతుము గెలిచి, సరిహద్దు కాలువ త్రవ్వించి, ఉమ్మా ప్రభువు చేత ప్రమాణము చేయించి, ఆ సంగతిని రాతిమీద చెక్కించెను. ఆ రాతి ముక్కలు నేడు పారిసు పట్టణపు లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నవి. అయితే అది గెలిచినవాడు ఓడినవానిచేత బలవంతముగా చేయించిన ప్రమాణము. కొంతకాలమునకే ఉమ్మావారు దానిని మీరిరి. యుద్ధము మరల వచ్చెను. బలవంతపు ప్రమాణము వర్షము లేని మొదటి సంవత్సరమందే తెగిపోవును.

ఇక మన కాలమునకు దగ్గరగా వత్తము. రియో గ్రాండే అను నది అమెరికా సంయుక్త రాష్ట్రములలో పుట్టి, తరువాత మెక్సికో దేశపు సరిహద్దు వెంబడి పారును. ఎగువనున్న అమెరికా రైతులు నీరు మళ్లించుకొనగా దిగువ మెక్సికో రైతుల పొలములు ఎండిపోయెను. మెక్సికో ఫిర్యాదు చేయగా, 1895లో అమెరికా ప్రభుత్వపు న్యాయాధికారి జడ్సన్ హార్మన్, మా భూమిమీద ఉన్న నీటిని మేము ఏమి చేసికొన్నను అడ్డగించు చట్టము ఏదియు లేదని అభిప్రాయము వ్రాసెను. మా సంఘపు మొదటి సహోదరుడు చెప్పినది ఇదే గదా!

అయితే అమెరికా ఆ మాటమీద నిలిచియుండలేదు. 1906లో మెక్సికోతో ఒడంబడిక చేసికొని, ఏటేటా 60,000 ఎకరము అడుగుల నీరు ఇచ్చెదమని వ్రాసియిచ్చెను. అనగా అరువదివేల ఎకరములలో అడుగు లోతున నిలుచునంత నీరు. అందులో మరియొక మంచి మాట వ్రాసిరి: తీవ్రమైన కరవు వచ్చినయెడల అమెరికా పొలములకు ఎంత వంతున నీరు తగ్గునో మెక్సికోకును అంతే వంతున తగ్గవలెను. కరవు భారము ఒకరిమీదనే పడకుండ ఇద్దరును మోయవలెనని దాని భావము. కరవును గూర్చి ముందుగానే మాటలాడుకొనుట ఎంత విలువైనదో ముందు చూతుము.

3. రాజ్యములు నేర్చుకొనిన నాలుగు సూత్రములు

నదులను గూర్చిన ఇట్టి అనుభవములన్నిటిని న్యాయశాస్త్రజ్ఞులు చాలకాలము పరిశీలించిరి. 1966లో హెల్సింకి పట్టణమున అంతర్జాతీయ న్యాయ సంఘము కొన్ని నియమములు కూర్చెను. తరువాత 1997 మే 21న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ అంతర్జాతీయ జలమార్గముల ఒప్పందమును ఆమోదించెను. 103 దేశములు అనుకూలముగాను, మూడు దేశములు వ్యతిరేకముగాను ఓటు చేసెను. మన దేశము ఎటును ఓటు చేయని వాటిలో నుండెను. తగినన్ని దేశములు చేరిన పిమ్మట 2014 ఆగస్టు 17న అది అమలులోనికి వచ్చెను. దానిలో మన పాఠమునకు ముఖ్యమైన సూత్రములు నాలుగు.

మొదటిది, న్యాయమైన వాటా. న్యాయమనగా సరిసమానముగా కోసి పంచుట కాదు. ఎందరు జనులు ఆ నీటిమీద ఆధారపడియున్నారు, వారికి వేరే ఆధారము కలదా, ఇంతకుముందు ఎట్లు వాడుకొనుచున్నారు, వృథా చేయుచున్నారా అని అన్నిటిని తూచి చూడవలెను. మన్నా కూర్చుకొనిన ఇశ్రాయేలీయులను జ్ఞాపకము చేసికొనుడి. ఎక్కువ కూర్చినవానికి మిగులలేదు, తక్కువ కూర్చినవానికి తక్కువ కాలేదు.

రెండవది, పొరుగువానికి పెద్ద హాని చేయకుండుట. ఒకవేళ హాని కలిగినయెడల దానిని తొలగించుటకును, తగిన చోట నష్టపరిహారమును గూర్చి మాటలాడుటకును బాధ్యత కలదు.

మూడవది, ముందుగా తెలియజేయుట. ఆనకట్టయో కాలువయో పొరుగు దేశమునకు గట్టి హాని చేయవచ్చునని తోచినయెడల, కట్టకముందే ఆ దేశమునకు వివరములతో తెలుపవలెను. ఆలోచించి జవాబు చెప్పుటకు ఆరు నెలల గడువు ఇయ్యవలెను. ఆదికాండము 21వ అధ్యాయములో అబీమెలెకు దాసులు అబ్రాహాము బావిని బలవంతముగా తీసికొనిరి. అబ్రాహాము దానిని గూర్చి అతనిని ఆక్షేపింపగా, ఆ రాజు తనకు సంగతియే తెలియదనియు, ఇంతవరకు తనతో ఎవరును చెప్పలేదనియు జవాబిచ్చెను. తెలియని దానికి ఎవడును సమాధానము చెప్పలేడు. చెప్పిన తరువాతనే వారి నడుమ నిబంధన సాధ్యమాయెను.

ఈ సూత్రమును గూర్చి ఒక తీర్పు కలదు. దక్షిణ అమెరికాలో అర్జెంటీనా, ఉరుగ్వే దేశముల నడుమ ఉరుగ్వే అను నది పారుచున్నది. 1975లో ఆ దేశములు దానిని గూర్చి ఒడంబడిక చేసికొనియుండెను. ఉరుగ్వే తన ఒడ్డున కాగితపు గుజ్జు కర్మాగారమునకు అనుమతి ఇయ్యగా, అర్జెంటీనా హేగు పట్టణపు అంతర్జాతీయ న్యాయస్థానమునకు పోయెను. 2010 ఏప్రిల్ 20న న్యాయస్థానము తీర్పు చెప్పెను. కర్మాగారము నదిని పాడుచేసెనని రుజువు కాలేదు; అయినను ఒడంబడిక ప్రకారము ముందుగా తెలుపక పోవుట ఉరుగ్వే చేసిన తప్పని తేల్చెను. సహోదరులారా, దీనిని మరువకుడి. హాని జరిగెనో లేదో అటుంచగా, చెప్పకపోవుటయే ఒక తప్పు. మా సంఘపు రెండవ సహోదరుని దుఃఖము ఇదియే గదా!

నాలుగవది, మనుష్యుల ప్రాణావసరములు. వాటాలలో పోటీ వచ్చినప్పుడు త్రాగునీటికిని, ఆకలి తీర్చు పంటకు కావలసిన నీటికిని ప్రత్యేకమైన గౌరవము ఇయ్యవలెను. దప్పిగొన్నవానికి నీళ్లిచ్చుటనుగూర్చి మన ప్రభువు మత్తయి 25వ అధ్యాయములో ఏమి చెప్పెనో మీరెరుగుదురు.

4. యొర్దాను నది చెప్పు సాక్ష్యము

మన ప్రభువు బాప్తిస్మము పొందిన యొర్దాను చాల చిన్న నది. హెర్మోను కొండ పాదమున, ఫిలిప్పు కైసరయ యున్న చోటను, దాని పరిసరములందును దాని ఊటలు పుట్టుచున్నవి. అవి కలిసి గలిలయ సముద్రములో పడును. అచ్చటనుండి బయలుదేరిన కొంతదూరమునకే తూర్పునుండి యార్ముకు నది వచ్చి కలియును. చివరకది ఉప్పు సముద్రములో పడును. పూర్వము దాని దిగువ భాగమున ఏటికి సుమారు 130 కోట్ల ఘనపు మీటర్ల నీరు పారెడిది. మన లెక్కలో అది సుమారు 46 టీఎంసీలు. మన కృష్ణానదిలో పంపకమునకు లెక్కించిన నీరు 2,060 టీఎంసీలు. అంత చిన్న నదిని లెబానోను, సిరియ, ఇశ్రాయేలు, యొర్దాను రాజ్యము, పాలస్తీనీయులు అను ఐదుగురు పంచుకొనవలసియున్నది.

1953లో ఇశ్రాయేలు ఎగువను నీరు మళ్లించు పని మొదలుపెట్టగా సిరియ అడ్డు చెప్పెను. అప్పుడు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరు ఎరిక్ జాన్‌స్టన్ అను దూతను పంపెను. అతడు 1955 వరకు ఇరుపక్షముల యొద్దకు తిరిగి నీటి పంపకమునకు ఒక ప్రణాళిక సిద్ధపరచెను. ఇంజనీర్లు దానికి దాదాపుగా సమ్మతించిరి గాని, రాజకీయ నాయకులు దానిని అంగీకరింపలేదు. 1964లో ఇశ్రాయేలు గలిలయ సముద్రపు నీటిని దక్షిణమునకు కొనిపోవు పెద్ద కాలువను పూర్తిచేసెను. అరబ్బు దేశములు ఎగువ ఊటలను మళ్లింప మొదలుపెట్టెను. ఇశ్రాయేలు ఆ పనులమీద దాడి చేసెను. 1967లో గొప్ప యుద్ధము వచ్చెను. దానికి నీరు ఒక్కటే కారణమని చెప్పలేము గాని, నీటి జగడము ఆ అగ్నికి కట్టెలు వేసినదనుటలో సందేహము లేదు.

అయితే ఆశ్చర్యకరమైన సంగతి ఒకటి కలదు. ఇశ్రాయేలు, యొర్దాను రాజ్యము అధికారికముగా యుద్ధస్థితిలో నున్న సంవత్సరములలోనే, ఇరు దేశముల నీటి ఇంజనీర్లు యొర్దాను యార్ముకు నదులు కలియు చోట కలిసికొని మాటలాడుకొనుచుండిరి. వనభోజనపు బల్లయొద్ద కూర్చుండి మాటలాడినట్లుండుటచేత ఆ సమావేశములకు ఆ పేరే వచ్చెను. ఏరు ఎంత లోతున్నది, ఎవరు ఎంత తీసికొనిరి అని లెక్కలు చూచుకొనిరి. ఆ లెక్కలు చూచుకొను అలవాటు వలన వారికి ఒకరిమీద ఒకరికి కొంత నమ్మకము కలిగెను.

1994 అక్టోబరు 26న ఆ రెండు దేశములు సమాధానపు ఒడంబడిక చేసికొనినప్పుడు నీటిని గూర్చి ప్రత్యేకమైన అనుబంధము వ్రాసిరి. చలికాలమున నీరు ఎక్కువగా నుండును. యొర్దాను రాజ్యమునకు దానిని దాచుకొను చోటు చాలదు. గనుక చలికాలమున యార్ముకునుండి 2 కోట్ల ఘనపు మీటర్లు అదనముగా తీసికొనుటకు ఇశ్రాయేలునకు సమ్మతి కలిగెను. వేసవిలో ఇశ్రాయేలు గలిలయ సముద్రపు దిక్కునుండి అంతే నీరు యొర్దాను రాజ్యమునకు తిరిగి ఇయ్యవలెను. పొరుగువాని గాదెలో మన ధాన్యము దాచినట్లు! పేతురు వలలు వేసిన సముద్రము రెండు శత్రు రాజ్యములకు ఉమ్మడి గాదె యాయెను. ప్రతి దేశమునుండి ముగ్గురు చొప్పున ఒక ఉమ్మడి నీటి సంఘమును ఏర్పరచిరి.

1999లో తీవ్రమైన అనావృష్టి వచ్చెను. కరవు వచ్చిన యెడల ఏమి చేయవలెనో ఒడంబడికలో వ్రాయలేదు. ఇశ్రాయేలు నీరు తగ్గించెదననగా యొర్దాను రాజ్యము గట్టిగా అభ్యంతరము చెప్పెను. ఉభయులును మాటలాడుకొనుటకు బల్ల ఒకటి ఉండెను గనుక, కొంత ఘర్షణ తరువాత నీరు ఇయ్యబడెను. ఒడంబడిక లేకపోయిన ఆ సంవత్సరము ఏమి జరిగియుండునో తలంపుడి. కరవును గూర్చి ముందే వ్రాసికొనియున్న ఆ ఘర్షణయు తప్పియుండెడిది.

దీనిని మేము గొప్పలు చెప్పుటకు వ్రాయలేదు. ఐదుగురు హక్కుదారులలో ఇద్దరి నడుమ కుదిరిన ఒప్పందము ఇది; నదికి వాటా ఎవరును ఉంచలేదు. ఎగువనున్న వారందరు నీరు తీసికొనుటచేత నేడు దిగువ యొర్దానులో పూర్వపు నీటిలో పదవ వంతు కూడ పారుట లేదు. ఉప్పు సముద్రపు మట్టము ఏటేటా సుమారు ఒక మీటరు చొప్పున దిగిపోవుచున్నది. అందరును తమ తమ వాటా తీసికొనిన పిమ్మట ఏరే మిగులకపోయిన, అది ఎట్టి పంపకము?

5. కనబడని నీరు

నదికి రెండు ఒడ్డులైనను కనబడును. భూమి క్రింది నీటికి గట్టు లేదు, గీత లేదు, సర్వే రాయి లేదు. మా సంఘపు ఇద్దరు సహోదరుల నడుమనున్న గట్టు పైననే గాని క్రింద లేదు.

యూదయ సమరయ కొండలమీద కురిసిన వర్షము రాతి పొరలలోనికి ఇంకి, కొంత పడమటకు, కొంత తూర్పునకు, కొంత ఉత్తరమునకు పారుచున్నది. సమరయ స్త్రీ మన ప్రభువును కలిసికొనిన యాకోబు బావి ఆ కొండలలోనిదే. ఇశ్రాయేలీయులును పాలస్తీనీయులును ఆ నీటినే తోడుచున్నారు. 1995లో వారి నడుమ ఒక తాత్కాలికపు ఒప్పందము కుదిరి, ఉమ్మడి నీటి సంఘము ఏర్పడెను. ఐదు సంవత్సరముల కొరకని తలంచిన ఆ ఏర్పాటునకు బదులుగా శాశ్వతమైన ఒప్పందము నేటివరకు రాలేదు. ఇస్సాకు బావులు త్రవ్వించిన గెరారు ప్రాంతమునకు దగ్గరనున్న గాజాలో, మితిమీరి తోడుటచేత సముద్రపు ఉప్పు నీరు భూగర్భములోనికి చొరబడెను. 2023 యుద్ధమునకు ముందే ఆ నీటిలో అధికభాగము త్రాగుటకు పనికిరాదని ఐక్యరాజ్యసమితి సంస్థలు చెప్పుచుండెను. బావిని మన్ను పోసి పూడ్చుట ఒక విధము. మితిమీరి తోడి పాడుచేయుట మరియొక విధము. దాహముగొనిన బిడ్డకు రెండును ఒకటే.

అయితే మంచి మాదిరియు కలదు. కాల్విను బోధించిన జెనీవా పట్టణము స్విట్జర్లండు దేశములో, ఫ్రాన్సు సరిహద్దున నున్నది. దాని క్రిందనున్న నీటి పొరను ఇరు దేశముల వారును తోడుచుండిరి. 1960 మొదలుకొని కొన్ని సంవత్సరములలో నీటి మట్టము ఏడు మీటర్లకు పైగా పడిపోయెను. అప్పుడు జెనీవావారును ఫ్రాన్సు తట్టు అధికారులును కూర్చుండి ఒప్పందము చేసికొనిరి. అది 1978లో అమలులోనికి వచ్చెను. వారు మూడు పనులు చేసిరి. మొదట, ప్రతి బావికిని మీటరు పెట్టి ఎంత తోడుచున్నారో కొలిచిరి. రెండవది, ఆర్వు అను నది నీటిని శుద్ధిచేసి భూమిలోనికి ఇంకించు కేంద్రమును కట్టిరి. మూడవది, దాని ఖర్చును తోడుకొనిన కొలదిని పంచుకొనిరి. నీటి మట్టము మరల లేచెను. ముప్పది ఏండ్ల గడువు తీరగా 2008నుండి క్రొత్త ఒప్పందము చేసికొనిరి.

పూర్వము ఇశ్రాయేలీయులు ఏదోము సరిహద్దునకు వచ్చి, మీ బావుల నీళ్లు త్రాగము, మేముగాని మా పశువులుగాని త్రాగినయెడల వెల చెల్లింతుమని బ్రతిమాలిరి, ఏదోము ఒప్పుకొనలేదు. ఆ ప్రాంతములకు దక్షిణమున ఎడారి క్రింద డీసీ అను పురాతనమైన నీటి పొర కలదు. దానిని యొర్దాను రాజ్యము, సౌదీ అరేబియా ఉభయులును తోడుచున్నవి. వర్షము మిక్కిలి తక్కువ గనుక తోడిన నీరు మరల నిండుట లేదు. 2015లో ఆ రెండు దేశములు ఒప్పందము చేసికొని, సరిహద్దుకు ఇరుప్రక్కల కొంత భూమిని కాపుదల ప్రాంతముగా ఏర్పరచి, అందులో నీరు తోడుటను మాన్పింప నిశ్చయించెను. ఏదోము నాడు మాటయే విననన్న చోట నేడు వ్రాతపూర్వకమైన మాట కుదిరినది.

6. మన దేశము, మన గట్టు

1948 ఏప్రిలులో పంజాబు కాలువల నీరు ఆగిపోగా, మన దేశమునకును పాకిస్తానునకును జగడము కలిగెను. ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వమున ఏండ్ల తరబడి మాటలాడి, 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూగారును అయూబు ఖానుగారును సింధు జలముల ఒడంబడికపై సంతకములు చేసిరి. రావి, బియాసు, సట్లెజి మనకును, సింధు, జీలము, చీనాబు చాలవరకు వారికిని నిర్ణయమాయెను. 1965, 1971, 1999 యుద్ధములలో సహితము అది నిలిచెను. 2025 ఏప్రిలులో పహల్గాములో అమాయకులైన యాత్రికులు చంపబడిన పిమ్మట, మన ప్రభుత్వము దానిని నిలిపియుంచితిమని ప్రకటించెను. రాజ్యపు నిర్ణయములమీద తీర్పు చెప్పుట ఈ పాఠము పని కాదు. చంపబడినవారి కుటుంబముల ఆదరణ కొరకును, నదుల ఒడ్డుననున్న ఇరుప్రక్కల రైతుల కొరకును ప్రార్థించుట మాత్రము మన పని.

రాష్ట్రముల నడుమను ఇట్టి తగవులే కలవు. కృష్ణా జలముల వివాదమును పరిష్కరించుటకు 1969లో ఏర్పడిన బచావతు ట్రిబ్యునలు మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్ర ప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించెను. 2014లో మన రాష్ట్రము రెండైనందున ఆ 800ను మరల పంచుకొనవలసి వచ్చెను. అన్నదమ్ములు వేరుపడినప్పుడు భూమి పంచుకొనుట కంటె బావి పంచుకొనుట కష్టమని మన పెద్దలెరుగుదురు.

చెరువు క్రింద సేద్యము చేయు గ్రామములలో నీరుగంటి యుండెడివాడు. కొన్నిచోట్ల నీరటి అందురు. ఏ మడికి ఎంతసేపు, ఏ తూము ఎప్పుడు అని అతడు చూచెడివాడు. చివరి మడికి నీరు అందనిదే అతని పని ముగియదు. బోరుకు నీరుగంటి లేడు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము బావుల నమోదును గూర్చియు, త్రాగునీటి బావుల కాపుదలను గూర్చియు నియమములు పెట్టినది గాని, ప్రతి గట్టు మీద కాపలా కాయుటకు ఏ చట్టమునకు శక్తి కలదు?

విశ్వాసులలో కొందరు, ప్రేమ యుండగా కాగితము ఎందుకని అందురు. అబ్రాహాము విశ్వాసులకు తండ్రి. అయినను ఏడు గొఱ్ఱెపిల్లలను వేరుగా నిలిపి బావిని గూర్చి సాక్ష్యముంచెను. నిబంధన ప్రేమకు తక్కువైనది కాదు. కోపము వచ్చిన దినమున కూడ నా పొరుగువాడు నా చేతిలో క్షేమముగా ఉండవలెనని ప్రేమ ముందుగా వేసికొనిన కట్టుబాటే నిబంధన. చట్టము హృదయమును మార్చలేదు, నిజమే. హృదయమును మార్చువాడు సమరయ బావియొద్ద కూర్చుండి, తన జనులు పొత్తు పెట్టుకొనని స్త్రీని దాహమునకు నీళ్లడిగిన ప్రభువే. ఆయన తానే మొదట అడిగెను. మనము అడుగుటకు సిగ్గుపడుదుమా?

పోయిన నెలలో మేము ఆ ఇద్దరు సహోదరులను వారి గట్టు మీదనే కూర్చుండబెట్టితిమి. ఆదికాండము 26 చదివితిమి. చాలసేపు ఎవరును మాటలాడలేదు. తరువాత మొదటివాడు, "చెప్పకపోవడం తప్పేనండి" అనెను. దినము విడిచి దినము మోటారు వేసికొనుటకును, ఎండిన బోరు గల పొలమునకు ఒక తడి నీరు ఇచ్చుటకును, వానాకాలమున ఇద్దరును కలిసి ఇంకుడు గుంత త్రవ్వుటకును, నీరు మరీ తగ్గిన యెడల ఇద్దరును సమానముగా పైరు తగ్గించుకొనుటకును ఒక కాగితము వ్రాసికొనిరి. దాని బలము వచ్చు వేసవిలో తెలియును. వచ్చు సంస్కారపు ఆదివారమున వారు కలిసి బల్లయొద్దకు వత్తురో లేదో మాకు తెలియదు; అందుకొరకు ప్రార్థించుచున్నాము. మీరును ప్రార్థింపుడి.

కూడికలలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. ఇస్సాకు మొదట విడిచి పోయెను, తరువాత నిబంధన చేసికొనెను. మన ఊరిలో విడిచిపెట్టవలసిన తగవు ఏది? కూర్చుండి మాటలాడవలసిన తగవు ఏది?

2. క్రొత్త బోరు వేయక ముందు గట్టు ప్రక్కవారితో చెప్పు అలవాటు మనలో కలదా? లేనియెడల ఎట్లు ప్రారంభింపవచ్చును?

3. మన కాలువ చివరి మడి ఎవరిది? అతడు మన సంఘములోని వాడు కాకపోయినను, అతనికి నీరు అందుచున్నదా?

4. జెనీవావారు కొలిచిరి, ఇంకించిరి, ఖర్చు పంచుకొనిరి. ఈ మూడింటిలో మన గ్రామములో ముందుగా ఏది చేయవచ్చును?

ప్రార్థన

లోయలలో ఊటలను పుట్టించు దేవా, పైనున్న వర్షమును క్రిందనున్న జలమును నీవే చేసితివి. మావి కానివాటిని మావని చెప్పిన మా పాపమును క్షమింపుము. పొరుగువానితో ముందుగా మాటలాడు దీనమనస్సును, ఇచ్చిన మాటను కరవులో కూడ నిలుపుకొను శక్తిని మాకు దయచేయుము. నదుల ఒడ్డున జగడమాడుచున్న రాజ్యములను ఒక బల్లయొద్దకు నడిపించుము. మమ్మును నీ బల్లయొద్దకు సమాధానముతో చేర్చుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.